షార్ప్‌లెస్ 2-308: ఊళ్ళో 14 గంటలు తీసినా కనబడని ఓ-త్రీ బుడగ

చిన్న టెలిస్కోపు, కలర్ కెమెరాతో ఒక వుల్ఫ్-రాయే నెబ్యులా (చాలా వేడి, బరువైన నక్షత్రం చుట్టూ ఉండే వాయువు మేఘం) ఫోటో తీయబోయి ఆగిపోయిన కేసు ఇది. తీసినావిడ కోస్తాలోని ఒక మధ్యతరహా పట్టణంలో ఉంటారు. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. "ఇంకెన్ని గంటలు తీయాలండీ?" అని ఆవిడ అడిగారు. గంటల లెక్కలోకి వెళ్ళేముందు ఫైళ్ళలో వేరే లెక్కలు చాలా చూడాల్సి వచ్చింది.

నేపథ్యం

షార్ప్‌లెస్ 2-308 కేనిస్ మేజర్ మండలంలో, మనవాళ్ళు మృగవ్యాధుడు అనే సిరియస్‌కు ఏడు డిగ్రీల పైచిలుకు దక్షిణంగా ఉంటుంది. నడుమ ఉన్న నక్షత్రం డబ్ల్యూఆర్ 6. ఈజెడ్ కేనిస్ మేజోరిస్ అన్నా అదే. కాంతి సుమారు 6.9 మాగ్నిట్యూడ్ (ఈ అంకె తగ్గేకొద్దీ కాంతి ఎక్కువ), చిన్న బైనాక్యులర్లకు అందుతుంది. పుట్టినప్పుడు సూర్యుడికి ఇరవై రెట్లు, అంతకు మించి బరువున్న నక్షత్రాలే ఈ వుల్ఫ్-రాయే దశకు వస్తాయి. సూర్యుడి ఆయుష్షు 1000 కోట్ల ఏళ్ళయితే వీటిది కొన్ని పదుల లక్షల ఏళ్ళు. పై పొరల హైడ్రోజన్ ఊడిపోయి, లోపలి వేడి భాగం బయటపడి ఉంటుంది. ఉపరితల ఉష్ణోగ్రత 80 వేల డిగ్రీలకు పైమాటే. దాని గాలి సెకనుకు 1700 కిలోమీటర్ల వేగంతో వీస్తూ, అదే నక్షత్రం అంతకుముందు నెమ్మదిగా వదిలేసిన వాయువును ఊడ్చి అంచున పేరుస్తుంది. మనకు కనిపించే బుడగ ఆ అంచే. ఆకాశంలో దాని వ్యాసం సుమారు 40 ఆర్క్‌మినిట్లు, పున్నమి చంద్రుడి కంటే కొంచెం పెద్దది.

ఫోటో తీసేవారికి దీనితో రెండు చిక్కులు. ఒకటి, ఇంత వేడి నక్షత్రం చుట్టూ ఆక్సిజన్ రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ఉంటుంది కాబట్టి బుడగ వెలుగంతా దాదాపు ఓ-త్రీలోనే, అంటే 500.7 నానోమీటర్ల దగ్గరే ఉంటుంది. హైడ్రోజన్ ఇచ్చే ఎరుపు వెలుగు, అంటే హెచ్-ఆల్ఫా, చాలా తక్కువ. ఓరియన్, రోజెట్ నెబ్యులాలలో ఎరుపు ఇట్టే వచ్చేస్తుంది. ఆ అలవాటుతో దీని దగ్గరికొస్తే ఫలితం ఉండదు. రెండు, డబ్ల్యూఆర్ 6కు కేవలం 15 ఆర్క్‌మినిట్ల దూరంలో ఓమిక్రాన్-1 కేనిస్ మేజోరిస్ ఉంది. 3.8 మాగ్నిట్యూడ్ నారింజ రంగు సూపర్‌జెయింట్, సరిగ్గా బుడగ అంచు దగ్గర.

మన అక్షాంశం మాత్రం దీనికి బాగా అనుకూలం. డెక్లినేషన్, అంటే ఖగోళ మధ్యరేఖ నుంచి దూరం, మైనస్ 24 డిగ్రీలు కాబట్టి 16 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఇది 50 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. 30 డిగ్రీలకు పైన ఆరు గంటలు, 40కి పైన నాలుగు గంటలు ఉంటుంది. జనవరి మొదటి వారంలో అర్ధరాత్రికి నడినెత్తి రేఖ దాటుతుంది. లండన్‌లో ఉన్నవాళ్ళకు అది 15 డిగ్రీలు దాటదు. లడఖ్‌లోని హాన్లే ఆకాశం మనకంటే ఎంతో చీకటి, అయినా అక్కడ ఇది 33 డిగ్రీలకే పరిమితం. అందరూ ముందుగా తీసే క్రెసెంట్ నెబ్యులా, అంటే ఎన్‌జీసీ 6888, మనకు జులైలో అర్ధరాత్రి నెత్తిన ఉంటుంది, వర్షాలతో సీజను పోతుంది. కాబట్టి తెలుగు నేల నుంచి వుల్ఫ్-రాయే నెబ్యులా తీయాలంటే శీతకాలపు 2-308 ను ఎంచుకోవడం సరైన నిర్ణయమే. ఈ కేసులో లక్ష్యం ఎంపికను ఎక్కడా మార్చలేదు.

పరికరాలు: 80 మి.మీ. ఎఫ్/6 ఈడీ డబ్లెట్ టెలిస్కోపు, 0.8 రిడ్యూసర్‌తో (ఫోకల్ లెంగ్త్ తగ్గించే లెన్సు) ఎఫ్/4.8, ఫోకల్ లెంగ్త్ 384 మి.మీ. ఐఎమ్ఎక్స్533 సెన్సర్ ఉన్న చల్లబరిచే కలర్ కెమెరా, 3.76 మైక్రాన్ల పిక్సెళ్ళు. పిక్సెల్‌కు 2.02 ఆర్క్‌సెకన్లు, ఫీల్డు 1.7 డిగ్రీల చదరం. గెయిన్ (సిగ్నల్‌ను పెంచే అమరిక) 100, సెన్సర్ ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీలు. హెచ్-ఆల్ఫా, ఓ-త్రీ రెండింటికీ చెరి 7 నానోమీటర్ల వెడల్పు పట్టీని వదిలే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్. గైడింగ్‌లో, అంటే నక్షత్రాన్ని వెంబడించడంలో, తప్పు ఒక ఆర్క్‌సెకను లోపు. ఇందులో దేన్నీ తప్పుపట్టడానికి లేదు.

వచ్చిన సమస్య

120 సెకన్ల సబ్‌లు (విడి ఎక్స్‌పోజర్లు), మొత్తం 14 గంటలు, అంతా డాబా మీద నుంచే. వాటన్నింటినీ కలిపిన స్టాక్‌ను స్ట్రెచ్ చేస్తే, అంటే మసక వెలుగును పైకి లేపితే, నీలి ఆకుపచ్చ రంగులో గుండ్రటి వెలుగు ఒకటి కనిపించింది. పరిమాణం బుడగంతే ఉంది, అందుకే అదే బుడగ అనుకున్నారు. కానీ అంచు లేదు, పోగులు లేవు, మధ్య నుంచి మెల్లగా పలచబడే మసక బిళ్ళ. ఇంకో 15 గంటలు తీయాలా, లేక 3 నానోమీటర్ల ఫిల్టర్ కొనాలా అన్నది ప్రశ్న.

మొదట చూసింది ఆ బిళ్ళ కేంద్రం. ప్లేట్ సాల్వ్ చేసిన (నక్షత్రాలతో పోల్చి ఆకాశంలో స్థానం తేల్చిన) ఫ్రేములో డబ్ల్యూఆర్ 6 ఎక్కడుందో గుర్తు పెడితే, బిళ్ళ నడిబొడ్డు దానికి 450 పిక్సెళ్ళు దక్షిణంగా పడింది. 450 పిక్సెళ్ళంటే 15 ఆర్క్‌మినిట్లు. అక్కడ ఉన్నది ఓమిక్రాన్-1. నక్షత్రపు గాలి ఊదిన బుడగకు ఆ నక్షత్రం కాస్త అటూ ఇటూ ఉండొచ్చు గానీ, పక్క నక్షత్రం సరిగ్గా మధ్యలో కూర్చోదు. ఇక్కడితో అనుమానం హేలో మీదికి, అంటే వెలుగున్న నక్షత్రం చుట్టూ పరికరం లోపలి ప్రతిబింబం వల్ల వచ్చే బిళ్ళ మీదికి, వెళ్ళింది.

ముందే చేసి విఫలమైనవి

నా దగ్గరికి వచ్చేసరికే ఆవిడ నాలుగు ప్రయత్నాలు చేసి ఉన్నారు. అవి ఎందుకు పనిచేయలేదో తెలిస్తే తర్వాతి నిర్ణయాలు తేలికవుతాయి.

మొదటిది, సబ్‌ను 300 సెకన్లకు పెంచడం. 120 సెకన్ల సబ్‌లో ఆకుపచ్చ పిక్సెళ్ళ మీడియన్ నుంచి డార్క్ (మూత పెట్టి తీసిన ఫ్రేము) తీసేస్తే 144 వచ్చింది. ఈ 14 బిట్ల కెమెరా ఫైలును 16 బిట్లకు సాగదీసి రాస్తుంది కాబట్టి 4తో భాగిస్తే 36. గెయిన్ 100 దగ్గర ఒక ఏడీయూ (కెమెరా లెక్కలో ఒక అంకె) అంటే దాదాపు ఒక ఎలక్ట్రాన్. అంటే ఆకాశమే పిక్సెల్‌కు 36 ఎలక్ట్రాన్లు పోస్తోంది, సెకనుకు 0.3. రీడ్ నాయిస్ (సెన్సర్‌ను చదివేటప్పుడు చేరే నాయిస్) 1.5, దాని వర్గం 2.25. ఆకాశం దీనికి పది రెట్లు దాటితే రీడ్ నాయిస్ వల్ల వచ్చే నష్టం 5 శాతం లోపే. ఇక్కడ అది 16 రెట్లుంది. 120 సెకన్లకే పని పూర్తయింది. సబ్ పొడవు పెంచితే లోతు పెరగలేదు, ఓమిక్రాన్-1 మాత్రం ఇంకా ఉబ్బింది.

రెండోది, వెన్నెల రాత్రులు. నారోబ్యాండ్‌కు, అంటే సన్నటి పట్టీ ఫిల్టర్లతో తీయడానికి, చంద్రుడు అడ్డం కాదన్న మాట హెచ్-ఆల్ఫాకు చాలావరకు చెల్లుతుంది, ఓ-త్రీకి చెల్లదు. గాలిలో కాంతి చెదరడం తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. హెచ్-ఆల్ఫా ఉండే 656తో పోలిస్తే 501 నానోమీటర్ల దగ్గర దాదాపు మూడు రెట్లు ఎక్కువ చెదురుతుంది. ఆ రాత్రుల సబ్‌లలో ఆకాశం వేగం రెట్టింపు దాటింది. వాటిని స్టాక్‌లోంచి తీసేస్తే నాయిస్ పెరగకపోగా కాస్త తగ్గింది. బరువు లెక్క లేకుండా అన్నీ కలిపేసినప్పుడు చెడ్డ గంటలు మంచి గంటల్ని పాడుచేశాయన్నమాట.

మూడోది, ఆటోమేటిక్ గ్రేడియెంట్ తొలగింపు. గ్రేడియెంట్ అంటే ఫ్రేములో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మెల్లగా మారే ఆకాశపు వెలుగు. ఫ్రేము వెడల్పులో 40 శాతం బుడగే. ఆటోమేటిక్‌గా చల్లిన శాంపిల్ పాయింట్లలో (ఆకాశపు స్థాయి కొలిచే చోట్లు) కొన్ని బుడగ మీదే పడ్డాయి. ప్రోగ్రాముకు అది నెబ్యులా అని ఎలా తెలుస్తుంది? మెల్లగా మారే వెలుగు ఏదైనా దాని దృష్టిలో గ్రేడియెంటే. తీసేసిన బ్యాక్‌గ్రౌండ్ మోడల్‌ను విడిగా తెరిచి స్ట్రెచ్ చేసి చూడటం ఎవరైనా తప్పక చేయాల్సిన పని. ఈ కేసులో ఆ మోడల్‌లో ఫ్రేము నడుమ గుండ్రటి ఉబ్బు స్పష్టంగా ఉంది. అందులో ఎంత హేలో, ఎంత బుడగ అన్నది అప్పటికి తేలలేదు గానీ, రెండూ కలిసి చెత్తబుట్టలోకి పోయాయి.

నాలుగోది, ఏఐ డీనాయిస్. బిళ్ళ లోపల సన్నటి పోగుల్లాంటివి వచ్చాయి. నిజమో కాదో తేల్చడానికి సబ్‌లను సరి, బేసి సంఖ్యలుగా రెండు సగాలు చేసి విడివిడిగా స్టాక్ చేసి, రెండింటికీ అదే డీనాయిస్ ఇచ్చాం. పోగులు రెండింటిలో రెండు చోట్ల వచ్చాయి. అంటే ఆ పోగులు నాయిస్ నుంచి పుట్టినవి. ఈ సగం-సగం పరీక్షకు ఖర్చు లేదు. మసక నెబ్యులాలో ఏ పోగునైనా నమ్మేముందు చేయాలి.

ఒక శాతం లెక్క

ఈ కేసు మొత్తానికి కీలకం ఇక్కడుంది. బుడగ అంచు దగ్గర ఓ-త్రీ వెలుగు ఆ పట్టణపు ఆకాశంలో ఎంత భాగం? చివరికి చీకట్లో తీసిన డేటాతో వెనక్కి లెక్కిస్తే సుమారు 1 శాతం వచ్చింది. పాత సోడియం దీపాల వెలుగు ఎక్కువగా 589 నానోమీటర్ల చుట్టూ ఉండేది, ఓ-త్రీ పట్టీ కొంత బతికిపోయేది. తెల్ల ఎల్ఈడీలకు నీలం నుంచి ఎరుపు దాకా పరుచుకున్న స్పెక్ట్రం ఉంటుంది. 500 నానోమీటర్ల దగ్గర ఎంత సన్నటి ఫిల్టర్ పెట్టినా వాటి వెలుగు కొంత లోపలికి వస్తుంది.

సిగ్నల్ 1 శాతమే అయినప్పుడు నాయిస్ ఒక్కటే శత్రువు కాదు. నాయిస్ గంటలతో తగ్గుతుంది. ఫ్లాట్‌తో (సమానమైన వెలుగు మీద తీసిన ఫ్రేము) సరిచేయడంలో 1 శాతం తేడా ఉంటే అది 14 గంటల తర్వాతా 1 శాతమే, 40 గంటల తర్వాతా 1 శాతమే. హేలో కూడా అంతే. అందుకే ఇంకెన్ని గంటలు అన్న ప్రశ్నను పక్కన పెట్టి, గంటలతో తగ్గని తప్పులు ఎన్ని ఉన్నాయో ముందు వెతికాం.

దానికి వాడింది మెరిడియన్ ఫ్లిప్, అంటే లక్ష్యం నడినెత్తి రేఖ దాటాక టెలిస్కోపును మౌంటు రెండో వైపుకు తిప్పడం. జర్మన్ ఈక్వటోరియల్ మౌంటు ఫ్లిప్ అయ్యాక ఫ్రేము ఆకాశంతో పోలిస్తే 180 డిగ్రీలు తిరుగుతుంది. ఫ్లిప్‌కు ముందు సబ్‌లను ఒక స్టాక్‌గా, తర్వాతవి ఇంకో స్టాక్‌గా చేసి, నక్షత్రాల ఆధారంగా కలిపి, ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే మిగిలేది ఆకాశానిది కాదు. ఫ్లాట్ తప్పు సెన్సర్‌ను అంటుకుని ఉంటుంది, నెబ్యులా నక్షత్రాలను అంటుకుని ఉంటుంది. ఈ కేసులో తేడా చిత్రం శుభ్రంగా రాలేదు. ఓమిక్రాన్-1 చుట్టూ ఒక నెలవంక ఆకారం మిగిలింది. మధ్యకు అన్ని వైపులా సమానంగా ఉండే తప్పు ఈ తీసివేతలో రద్దవుతుంది కాబట్టి రెండు స్టాకులనూ విడిగా కూడా చూశాం, రెండింటిలోనూ మూలలు మధ్యకంటే సుమారు ఒకటిన్నర శాతం ఎక్కువగా వెలిగాయి.

మూలలు వెలిగాయంటే ఫ్లాట్ అవసరానికి మించి సరిచేస్తోందని. ఫ్లాట్స్ బాగానే ఉన్నాయి. తప్పు డార్క్స్‌లో దొరికింది. అవి పాత లైబ్రరీవి. లైట్స్ (ఆకాశపు సబ్‌లు) తీసేనాటికి కెమెరా ఆఫ్‌సెట్ (ప్రతి పిక్సెల్‌కు కలిపే స్థిర సంఖ్య) అమరిక వేరు. దాంతో డార్క్ తీసేశాక ప్రతి పిక్సెల్‌లో 5 ఎలక్ట్రాన్లు అదనంగా మిగిలాయి. మూలల్లో విగ్నెటింగ్, అంటే వెలుగు తగ్గడం, 10 శాతం. ఆ 5 ఎలక్ట్రాన్లకు విగ్నెటింగ్ లేకపోయినా ఫ్లాట్ వాటినీ 0.9తో భాగిస్తుంది, 5.56 అవుతుంది. ఆకాశం మొత్తం 36 ఎలక్ట్రాన్లే ఉన్నచోట ఈ 0.56 అంటే ఒకటిన్నర శాతం, బుడగ కంటే పెద్ద తప్పు. రోజెట్ తీసినప్పుడూ ఇది ఉండే ఉంటుంది. అక్కడ నెబ్యులా బలం ముందు కనబడలేదు.

హేలో సంగతి

హేలో అని రుజువు చేయడానికి ఇంకో రాత్రి అరగంట పట్టింది. అదే ఎక్స్‌పోజర్‌తో టెలిస్కోపును రెండు డిగ్రీల అవతల ఉన్న ఓమిక్రాన్-2 వైపు తిప్పారు. 3.0 మాగ్నిట్యూడ్ నీలి సూపర్‌జెయింట్. దాని చుట్టూనూ అంతే వ్యాసంలో బిళ్ళ వచ్చింది, నీలి నక్షత్రం కాబట్టి ఓ-త్రీలో ఇంకా గట్టిగా. వస్తువు మారినా బిళ్ళ మారలేదంటే అది ఆప్టిక్స్‌లోదే.

ఎక్కడిదో తెలుసుకోవడానికి కొలత చాలు. సెన్సర్ నుంచి వెనక్కి కొట్టిన వెలుగు దూరం డి లో ఉన్న ఉపరితలానికి తగిలి తిరిగొస్తే, అదనంగా రెండు డి ప్రయాణిస్తుంది. ఆ మేరకు ఫోకస్ తప్పి బిళ్ళవుతుంది. బిళ్ళ వ్యాసం రెండు డి ని ఎఫ్ నిష్పత్తితో భాగిస్తే వచ్చేదే. ఇక్కడ బిళ్ళ సెన్సర్ మీద 4.3 మి.మీ., ఎఫ్/4.8. కాబట్టి డి సుమారు 10.3 మి.మీ. సెన్సర్‌కు అంత దూరంలో ఉన్నది ఫిల్టరే. 1.25 అంగుళాల ఫిల్టర్‌ను కెమెరా మూతి లోపలే పట్టే రింగులో బిగించారు. యాదృచ్ఛికంగా 4.3 మి.మీ. అంటే ఈ ఫోకల్ లెంగ్త్‌లో 38 ఆర్క్‌మినిట్లు, బుడగ పరిమాణం దాదాపు అదే. మోసపోవడానికి ఇంతకంటే అనువైన హేలో దొరకదు.

ముందు ఫిల్టర్‌ను తిరగేసి బిగించి చూశారు, ఖర్చు లేని పని కాబట్టి. కొన్ని ఫిల్టర్లకు మెరిసే వైపు టెలిస్కోపుకు ఉంటే ప్రతిబింబం తగ్గుతుంది. ఈ ఫిల్టర్‌కు తేడా స్వల్పం. తర్వాత ఫిల్టర్ డ్రాయర్ పెట్టి దాన్ని సెన్సర్‌కు 25 మి.మీ. దూరం జరిపారు. దీనితో హేలో పోదు. వ్యాసం 10.4 మి.మీ. అవుతుంది, అంటే దాదాపు ఫ్రేమంతా. అదే వెలుగు ఆరు రెట్ల వైశాల్యంలో పరుచుకుంటుంది, కాబట్టి ఆరో వంతుకు పలచబడుతుంది, అంచు కూడా బుడగ మీద పడదు. జరిపే ముందు ఫిల్టర్ నీడ సెన్సర్ మూలల మీద పడుతుందేమో చూడాలి. సెన్సర్ కర్ణం 16 మి.మీ., దానికి 25 ని 4.8తో భాగించిన 5.2 కలిపితే 21 మి.మీ. చిల్లర. 1.25 అంగుళాల ఫిల్టర్ తెరుచుకున్న భాగం అంతకంటే ఎక్కువే. డ్రాయర్ మందాన్ని స్పేసర్లలోంచి తగ్గించి రిడ్యూసర్‌కు కావలసిన 55 మి.మీ. బ్యాక్‌ఫోకస్ (రిడ్యూసర్ నుంచి సెన్సర్‌కు ఉండాల్సిన దూరం) నిలబెట్టుకున్నారు. 2 మి.మీ. గాజుకు మందంలో మూడో వంతు, అంటే 0.7 మి.మీ. అదనంగా కలపడం చాలామంది మరిచిపోతారు. అప్పుడు మూలల్లో నక్షత్రాలు సాగుతాయి, తప్పు రిడ్యూసర్ మీద పడుతుంది.

ఈ రెండు మార్పుల తర్వాత కొత్త డార్క్స్, కొత్త ఫ్లాట్స్. ఫ్లాట్ ప్యానెల్ మీద తెల్ల కాగితాలు వేసి వెలుగు తగ్గించి ఎక్స్‌పోజర్‌ను 2 సెకన్లకు తెచ్చాం. ఎల్ఈడీ ప్యానెల్ కంటికి తెలియకుండా వెలిగి ఆరుతుంది. సెకనులో చిన్న భాగం పాటు తీస్తే ఫ్లాట్‌లో పట్టీలు వస్తాయి. అదే 2 సెకన్లకు, అదే గెయిన్, అదే ఆఫ్‌సెట్, అదే ఉష్ణోగ్రతలో డార్క్ ఫ్లాట్స్ తీశారు.

పాత 14 గంటల డేటాను కూడా, అప్పటి ఆఫ్‌సెట్‌కు సరిపోయే డార్క్స్ మళ్ళీ తీసి, క్యాలిబ్రేట్ చేశాం. ఓ-త్రీని విడదీసి, 4×4 బిన్ చేసి (పదహారు పిక్సెళ్ళను ఒకటిగా కలిపి) చూస్తే ఫ్లిప్‌కు ముందు, తర్వాత రెండు స్టాకుల్లోనూ ఒకే చోట ఒక విల్లు వంపు కనిపించింది. కేంద్రం డబ్ల్యూఆర్ 6. చిత్రంగా చూపించడానికి అది చాలదు. కానీ సిగ్నల్ అక్కడే ఉందని, ఇన్నాళ్ళూ దాన్ని కప్పినవేమిటో తెలిసిందని అర్థమైంది.

ఫిల్టరా, చీకటా

ఇప్పుడు గంటల ప్రశ్న అడగొచ్చు. ఆకాశమే ప్రధాన నాయిస్ అయినప్పుడు దాన్ని ఎన్ని రెట్లు తగ్గిస్తే, గంటలు అన్ని రెట్లు పెంచినట్టు. 7 నుంచి 3 నానోమీటర్లకు వెళ్తే 2.3 రెట్లు. ఎఫ్/4.8 దగ్గర వాలుగా వచ్చే అంచు కిరణాలకు ఫిల్టర్ పట్టీ నీలం వైపు జరిగేది 0.7 నానోమీటర్ల లోపే కాబట్టి 3 నానోమీటర్ల ఫిల్టర్ ఇక్కడ సమస్యేమీ కాదు. ఎఫ్/2 అయితే అదే జరుగుడు మూడున్నర దాటుతుంది, ప్రత్యేక ఫిల్టర్ కావాలి. ఇక చదరపు ఆర్క్‌సెకనుకు 18.5 మాగ్నిట్యూడ్ ఉన్న ఊరి ఆకాశం నుంచి 21 ఉన్న చీకటి ఆకాశానికి వెళ్తే పది రెట్లు. ఫిల్టర్ ధరకు ఎన్నో పర్యాయాలు పెట్రోలు వస్తుంది. అంతకంటే ముఖ్యం, చీకట్లో బుడగ ఆకాశంలో 1 శాతం కాదు, 10 శాతం. ఫ్లాట్‌లో అర శాతం తప్పు మిగిలినా తట్టుకుంటుంది. ఈ రెండో కారణంతోనే చీకటికి ఓటేశాం. ఊళ్ళోనే తీయక తప్పనివాళ్ళకు మాత్రం నేను 3 నానోమీటర్లే చెబుతాను.

నల్లమల దిక్కున, అడవికి బయట ఒక మెట్ట పొలం దొరికింది. శ్రీశైలం వెళ్ళే అటవీ రోడ్డు గేట్లు రాత్రి 9కి మూసి ఉదయం 6కి తీస్తారు కాబట్టి అడవి లోపలి స్థలాలు ఆలోచనలోకే తీసుకోలేదు. రైతును ముందే అడిగి మోటారు షెడ్డు మీది బల్బు ఆర్పించారు. కెమెరా, మౌంటు, డ్యూ హీటర్లు (లెన్సు మీద మంచు పట్టకుండా వేడిచేసేవి), మినీ పీసీ కలిపి 50 నుంచి 60 వాట్లు తింటాయి. 12.8 వోల్టుల 50 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 640 వాట్-అవర్లు, రాత్రికి సరిపోయాయి. డ్యూ హీటర్ అర్ధరాత్రి మంచు పడ్డాక కాదు, మొదటి ఫ్రేము నుంచే నడవాలి. లెన్సు మీద కంటికి కనబడనంత చెమ్మ చేరినా ఓమిక్రాన్-1 చుట్టూ కొత్త హేలో మొదలవుతుంది.

అక్కడ ఆకాశం సెకనుకు 0.03 ఎలక్ట్రాన్లు. ఇప్పుడు సబ్ పొడవు లెక్క తిరగబడుతుంది. 120 సెకన్లలో 3.6 ఎలక్ట్రాన్లే, రీడ్ నాయిస్ వర్గం 2.25 పక్కన అది ఏ మూలకూ చాలదు. పది రెట్లు కావాలంటే 750 సెకన్లు పట్టాలి. 300 సెకన్ల దగ్గర ఆగాం. నాయిస్ 12 శాతం పెరుగుతుంది, కానీ గాలి ఒక్కసారి మౌంటును కుదిపితే పోయేది 5 నిమిషాలే. ప్రతి మూడు సబ్‌లకు ఒకసారి డిదరింగ్, అంటే ఫ్రేమును కొద్దిగా పక్కకు జరపడం. ఫోకస్ ఓ-త్రీకి పెట్టారు. ఈడీ డబ్లెట్‌లో ఎరుపు, ఆకుపచ్చ ఒకేచోట కలవవు. ఆటోఫోకస్‌ను ఆకుపచ్చ ఛానెల్ నక్షత్రాల మీదే నడిపి, ఉష్ణోగ్రత 2 డిగ్రీలు పడినప్పుడల్లా తిరిగి చేశారు. అమావాస్య దగ్గర రెండు రాత్రులు, రాత్రికి నాలుగున్నర గంటలు, బుడగ 35 డిగ్రీలకు పైన ఉన్నంతసేపే. మొత్తం 108 సబ్‌లు, 9 గంటలు. రీడ్ నాయిస్ కలిపి లెక్కేస్తే డాబా మీద సుమారు 75 గంటలకు సమానం.

ప్రాసెసింగ్‌లో నిర్ణయాలు

సిరిల్ ప్రోగ్రాములో క్యాలిబ్రేషన్ (డార్క్, ఫ్లాట్‌లతో సరిచేయడం) తర్వాత హెచ్-ఆల్ఫాను ఎరుపు పిక్సెళ్ళ నుంచి, ఓ-త్రీని ఆకుపచ్చ, నీలం పిక్సెళ్ళ నుంచి విడదీసి రెండూ వేరుగా స్టాక్ చేశాం. 500.7 నానోమీటర్లు బేయర్ మ్యాట్రిక్స్‌లో (పిక్సెళ్ళ మీది రంగు ఫిల్టర్ల అమరిక) ఆకుపచ్చ, నీలం రెండింటికీ అందుతుంది. నాలుగింట మూడు పిక్సెళ్ళు పనిచేస్తాయి. ఈ నెబ్యులాకు కలర్ కెమెరా చేసే మేలు అది.

గ్రేడియెంట్‌ను ప్రతి సబ్ మీద ఫస్ట్ డిగ్రీ పాలినామియల్‌తో మాత్రమే తీశాం. ఫస్ట్ డిగ్రీ అంటే వాలు తలం. దానికి ఉబ్బు తయారుచేసే శక్తి లేదు, కాబట్టి బుడగను మింగలేదు. స్టాక్ అయ్యాక మిగిలిన కొద్ది వంపును సెకండ్ డిగ్రీతో, చేత్తో పెట్టిన పదిహేను లోపు శాంపిళ్ళతో తీశాం. డబ్ల్యూఆర్ 6 చుట్టూ 25 ఆర్క్‌మినిట్లు, అంటే 740 పిక్సెళ్ళ వ్యాసార్ధంలో ఒక్క శాంపిల్ కూడా పెట్టలేదు. వాయవ్యంలో బుడగ బయటికి పొంగి ఉంటుంది కాబట్టి అటు 890 దాకా వదిలాం. తీసేసిన మోడల్ తెరిచి చూస్తే నడుమ ఉబ్బు లేదు.

ఆ తర్వాత స్టార్‌నెట్ ప్రోగ్రాముతో నక్షత్రాలను వేరుచేసి, ఓ-త్రీని జనరలైజ్డ్ హైపర్‌బోలిక్ స్ట్రెచ్‌తో రెండు మూడు విడతల్లో, ఆకాశపు స్థాయికి కొంచెం పైన మాత్రమే కాంట్రాస్ట్ పెరిగేలా లేపాం. హెచ్-ఆల్ఫా బలహీనం, నాయిస్ ఎక్కువ. దాన్ని గట్టిగా మెత్తబరిచి ఎరుపులోకి తక్కువ మోతాదులో ఇచ్చాం. ఓ-త్రీతో సమానంగా లేపితే బుడగ నీలం మీద బూడిదరంగు మచ్చలు పడతాయి. నక్షత్రాలకు ఫిల్టర్ తీసి, మళ్ళీ ఫోకస్ చేసి, 15 సెకన్ల ఫ్రేములు అరగంట తీసి ఉంచారు. ఓమిక్రాన్-1 నారింజ రంగు అక్కడి నుంచి వచ్చింది. డీనాయిస్ చివర్లో, తక్కువ బలంతో, సగం-సగం పరీక్షలో రెండింటా నిలిచిన పోగులు చెదరకుండా.

వచ్చిన చిత్రంలో బుడగ చుట్టూ అంచు పూర్తిగా మూసుకుంది, వాయవ్యపు పొంగు తేలింది. ఓమిక్రాన్-1 చుట్టూ కొంచెం మెరుపు ఉంది, దాన్ని అలాగే వదిలేయమన్నాను. ఆ మెరుపును చేత్తో తుడిస్తే దాని వెనకున్న బుడగ అంచును కూడా చేత్తో గీయాల్సి వస్తుంది.

ఇదే సెటప్ ఇతర వుల్ఫ్-రాయే నెబ్యులాలకు

ఒకే రకం నక్షత్రం చుట్టూ ఉన్నా వీటన్నింటికీ ఒకే పద్ధతి పనికిరాదు. డబ్ల్యూఆర్ 7 చుట్టూ ఉన్న థార్స్ హెల్మెట్, ఎన్‌జీసీ 2359, కూడా మన శీతకాలంలోనే వస్తుంది, డెక్లినేషన్ మైనస్ 13 కాబట్టి ఇంకా ఎత్తులో. హెచ్-ఆల్ఫా, ఓ-త్రీ రెండూ బలంగా ఉంటాయి. ఊళ్ళో 7 నానోమీటర్లతోనూ ఆకారం వస్తుంది. దాని చిక్కు పరిమాణం: ప్రధాన బుడగ పది ఆర్క్‌మినిట్ల లోపే, 384 మి.మీ.కు చిన్నదైపోతుంది. అక్కడ ఫోకల్ లెంగ్త్ పెంచాలి, గైడింగ్ మెరుగుపడాలి. క్రెసెంట్‌లో హెచ్-ఆల్ఫా పోగులు తేలిగ్గా వస్తాయి, వాటిని కప్పిన పలచటి ఓ-త్రీ పొర దగ్గర మాత్రం ఈ కేసులోని జాగ్రత్తలన్నీ కావాలి. 1867లో వుల్ఫ్, రాయే పారిస్ అబ్జర్వేటరీ నుంచి గుర్తించిన మూడు నక్షత్రాల్లో ఒకటైన డబ్ల్యూఆర్ 134 చుట్టూ ఉన్న ఓ-త్రీ విల్లు 2-308కు దగ్గరి బంధువు. సిగ్నస్‌లో ఉంది కాబట్టి మనకు వానలు వెనక్కి తగ్గాక, అక్టోబరు అమావాస్య రోజుల్లో, చీకటి పడిన వెంటనే మూడు గంటలు దొరుకుతుంది. ఆవిడ తర్వాతి ప్రాజెక్టు అదే. దానికి ఫిల్టర్ ఆ 25 మి.మీ. దగ్గరే ఉంచి, ఆఫ్‌సెట్ విలువను డార్క్స్ ఫోల్డరు పేరులోనే రాసి పెట్టుకోమని చెప్పాను.